గాలి సాక్ష్యం

కారు పొగగొట్టం వెనకే ఎందుకుంటుంది? చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలా ఉంది గానీ, జవాబు పెద్దవాళ్ళకి సంబంధించినదే. మామూలు కారులో ఇంజను ముందుంటుంది. పొగ పుట్టేది ముందే. దాన్ని మనం కూర్చునే సీట్ల కింద నుంచి పొడుగాటి పైపులో వెనక్కి తీసుకెళ్ళి అక్కడ వదులుతాం. ఎవరి ప్రయాణం కోసం ఆ పొగ పుట్టిందో వాళ్ళ ముక్కుకి అది తగలకూడదు. వెనకాల సైకిలు మీద వచ్చేవాడికి, పేవ్‌మెంటు మీద నడిచేవాడికి తగిలితే తగలనీ. ఇందులో కుట్రేమీ లేదు. కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. అది కారు లోపలికి వస్తే మనిషి నిద్రలోకి జారుకున్నట్టే పోతాడు. కాబట్టి వెనక్కి పంపడమే తెలివైన పని. కానీ నా సందేహం వేరు. "నేను వదిలింది నాకు కనబడదు" అన్న ఏర్పాటు వస్తువులోనే ఉన్నప్పుడు, దాన్ని వాడే మనిషికి నీతి ఎక్కడినుంచి రావాలి?

ఇంకో ఊళ్ళో ఉంటే ఈ సందేహం నాకు వచ్చేది కాదేమో. నేనుండేది ఇంగోల్‌స్టాట్‌లో. మ్యూనిక్‌కీ న్యూరెంబర్గ్‌కీ మధ్య, డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న ఊరు. పుట్టింది గుంటూరు, చదివింది కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్, చేసేది ఐటీ కన్సల్టెంటు పని. ఇక్కడ ఏ బేకరీలో నిలబడ్డా ముందున్నవాళ్ళో వెనకున్నవాళ్ళో ఆడి కంపెనీవాళ్ళో, వాళ్ళకి సామాను సరఫరా చేసేవాళ్ళో, వాళ్ళ ఇంట్లోవాళ్ళో అయ్యుంటారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1949లో, ఆటో యూనియన్ పేరుతో ఆ కంపెనీ ఇక్కడ మళ్ళీ మొదలైంది. అన్నట్టు, ఆ పేరుకి అర్థం "విను" అని. ఆగస్ట్ హోర్ఖ్ అనే ఆయన తను పెట్టిన మొదటి కంపెనీ నుంచి బయటికి వచ్చి 1909లో ఇంకోటి పెట్టుకున్నాడు. సొంత పేరు వాడుకునే హక్కు పోయింది. హోర్ఖ్ అంటే జర్మన్‌లో విను, ఆలకించు అని. అదే మాటని లాటిన్‌లోకి మార్చుకుని ఆడి అన్నాడు.

ఈ ఊరికి ఇంకో రెండు గుర్తులున్నాయి. 1516 ఏప్రిల్ 23న బవేరియా ప్రభువులు బీరు గురించిన ప్రసిద్ధమైన శాసనాన్ని ప్రకటించింది ఇక్కడే. బార్లీ, హాప్స్, నీళ్ళు, ఈ మూడు తప్ప బీరులో ఇంకేమీ కలపకూడదని అందులో ఉంది. తాగేవాడు పీపాలోకి తొంగి చూడలేడు కాబట్టి, కాచేవాడు మాట ఇవ్వాలన్నమాట. రెండోది, మేరీ షెల్లీ 1818లో అచ్చువేయించిన ఫ్రాంకెన్‌స్టైన్ నవల. అందులో కుర్ర శాస్త్రవేత్త చదువుకున్నదీ, శవాల ముక్కలతో ఒక ప్రాణిని తయారు చేసిందీ ఇంగోల్‌స్టాట్‌లోనే. చాలామంది ఆ ప్రాణి పేరే ఫ్రాంకెన్‌స్టైన్ అనుకుంటారు. కాదు, అది దాన్ని చేసినవాడి పేరు. నాకు ఆ కథలో గుచ్చుకునే చోటు ప్రాణిని తయారు చెయ్యడం కాదు. అది కళ్ళు తెరవగానే చేసినవాడు గది వదిలి పారిపోవడం. తను చేసినదానికి తను జవాబుదారీ కాకపోవడం.

ఈ ఊరికి మూడో గుర్తు మన కాలంలో పడింది. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వాగన్ కంపెనీకి నోటీసు ఇచ్చింది. డీజిల్ కార్లలో పెట్టిన సాఫ్ట్‌వేరు, ఇప్పుడు జరుగుతున్నది పొగ పరీక్షా కాదా అని కనిపెడుతోందని అభియోగం. ఎలా కనిపెడుతుంది? స్టీరింగు తిరుగుతోందా, వేగం ఎలా మారుతోంది, ఇంజను ఎంతసేపటినుంచి నడుస్తోంది, బయట గాలి పీడనం ఎంత, ఇలాంటివి చూసి. పరీక్ష అని తేలితే పొగ శుభ్రం చేసే ఏర్పాటు పూర్తిగా పనిచేస్తుంది. రోడ్డు అని తేలితే తగ్గిపోతుంది. అప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించినదానికి 10 నుంచి 40 రెట్ల దాకా బయటికి పోతాయి. ఎండలో ఓజోను పుట్టడానికి కారణమై ఊపిరితిత్తుల్ని మండించేవీ, ఉబ్బసం ఉన్న పిల్లల్ని ఆస్పత్రికి పంపేవీ ఇవే. ప్రపంచం మొత్తం మీద దాదాపు 1 కోటి 10 లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేరు ఉందని కంపెనీ తర్వాత ఒప్పుకుంది. ఆ ఏడాది నవంబరులో 3 లీటర్ల ఇంజన్ల మీద ఇంకో నోటీసు వచ్చింది. ఆ ఇంజన్ల బాధ్యత ఆడిది.

ప్రోగ్రామరుగా నాకు ఆ వార్తలో కొత్తగా అనిపించిందేమీ లేదు. అదే నన్ను భయపెట్టింది. "పరీక్ష అయితే ఇలా, కాకపోతే అలా" అన్న వాక్యం మా వృత్తిలో రోజుకి పదిసార్లు రాస్తాం. దానంతట అది పాపం కాదు. కారుకి కూడా అది అవసరమే. పరీక్ష రోలర్ల మీద రెండు చక్రాలు తిరుగుతూ, తక్కిన రెండూ కదలకుండా ఉంటే, కారు జారిపోతోందనుకుని బ్రేకులు వేసుకుంటుంది. అందుకని "ఇది రోలరు" అని దానికి తెలియాలి. అంటే తెలుసుకోవడం తప్పు కాదు. తెలుసుకుని ఏం చేశామన్నదే లెక్క. ఇంకో సంగతి. ఈ మోసపు కోడ్ వంశవృక్షాన్ని వెనక్కి పట్టుకుపోతే, చలిలో స్టార్టు చేసినప్పుడు డీజిల్ ఇంజను టకటకమని చేసే చప్పుడు తగ్గించడానికి ఆడిలో రాసిన ఒక అమరిక దగ్గర తేలుతుంది. లోపల దానికి "అకౌస్టిక్ ఫంక్షన్" అని పేరు. చప్పుడు గురించిన ఫంక్షను! ఎంత అమాయకమైన పేరో చూడండి. చెడ్డ కోడ్‌కి చెడ్డ పేరు పెట్టిన ప్రోగ్రామరుని నేనింతవరకు చూడలేదు.

మరి పట్టుబడిందెలా? ఇందులో మనవాళ్ళ పాత్ర ఉంది. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో డాన్ కార్డర్ నాయకత్వంలో ఒక చిన్న బృందం. అందులో చెన్నైనుంచి వెళ్ళిన అరవింద్ తిరువెంగడం, బెంగుళూరు నుంచి వెళ్ళిన హేమంత్ కప్పన్న, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మార్క్ బెష్ ఉన్నారు. వాళ్ళేమీ దొంగని పట్టడానికి బయల్దేరలేదు. అమెరికాలో డీజిల్ కార్లు శుభ్రంగా ఉన్నాయి, యూరపులో ఎందుకు ఉండవు అని చూపించడానికే ఆ పరిశోధన. కారు వెనక పొగగొట్టానికి ఇంకో గొట్టం తగిలించి, కొలిచే యంత్రాలు డిక్కీలో పెట్టుకుని, ల్యాబులో కాకుండా రోడ్డు మీద తిరిగారు. ఒక కారుని లాస్ ఏంజిలిస్ నుంచి సియాటిల్ దాకా నడిపారు. మూడు కార్లలో ఒకటి దాదాపుగా హద్దులోనే ఉంది. రెండు ఫోక్స్‌వాగన్ కార్లు హద్దు దాటడం కాదు, హద్దుని చాలా రెట్లు మించిపోయాయి. 2014లో ఆ నివేదిక బయటికి వచ్చింది. మొదట వాళ్ళు తమ యంత్రాలే చెడిపోయాయేమోనని మళ్ళీ మళ్ళీ చూసుకున్నారట. సజ్జనుడికి వచ్చే మొదటి అనుమానం తన మీదే.

నాకిక్కడ నన్నయ గుర్తుకొస్తాడు. ఆదిపర్వంలో శకుంతల కొడుకుని వెంటబెట్టుకుని సభకి వస్తే, దుష్యంతుడు నువ్వెవరో నాకు తెలీదంటాడు. అడవిలో జరిగిన పెళ్ళికి సాక్షులెవరున్నారు? అప్పుడామె చెప్పే మాటల సారం ఏమిటంటే, మనిషి నడవడిని వేదాలూ, పంచభూతాలూ, ధర్మమూ, సంధ్యలూ, లోపలున్న ఆత్మా, యముడూ, సూర్యచంద్రులూ, రాత్రీ పగలూ చూస్తూనే ఉంటాయి, ఎవరూ చూడలేదనుకోకు, అని. చిన్నప్పుడు తెలుగు మాష్టారు ఆ పద్యం చెప్పినప్పుడు ఇదంతా కవిత్వం అనుకున్నాను. పంచభూతాలు సాక్ష్యం చెప్పడమేమిటి? కానీ కాలిఫోర్నియా రోడ్ల మీద జరిగింది అక్షరాలా అదే. పంచభూతాల్లో ఒకటైన గాలిని బోనెక్కించారు. గాలికి పరీక్షకీ, మామూలు రోజుకీ తేడా తెలీదు. తన్లో ఏం కలిసిందో అదే చెప్పింది.

ప్లేటో కూడా ఇలాంటి కథే చెప్పాడు. గైజిస్ అనే గొర్రెలకాపరికి ఒక ఉంగరం దొరుకుతుంది. అది తిప్పితే మనిషి మాయమవుతాడు. ఆ ఉంగరం ఉన్నవాడు నీతిగా ఎందుకుండాలి అన్నది ప్రశ్న. మన కాలానికి ఆ ఉంగరం కొంచెం మారిందనుకుంటాను. ఇప్పుడెవరూ మాయమవనక్కర్లేదు. ఎప్పుడు చూస్తున్నారో తెలిస్తే చాలు, ఆ నిమిషం బుద్ధిమంతుడుగా ఉంటే సరి. ఇన్‌స్పెక్షను రోజున అద్దె కంప్యూటర్లు తెచ్చి ల్యాబు నింపిన ఇంజనీరింగు కాలేజీలు మీకు తెలియవా? ఆ ఒక్క రోజుకి పక్క కాలేజీనుంచి అరువు తెచ్చుకున్న లెక్చరర్లు? నేను చదివిన కాలేజీలో ఆ కంప్యూటర్ల అట్టపెట్టెలు మోసింది మేమే. సాయంత్రం కమిటీవాళ్ళ కారు గేటు దాటగానే అదే పెట్టెల్లో పెట్టి లారీ ఎక్కించాం. అప్పట్లో అదో సరదా. పిల్లకాయలం, మమ్మల్ని అడిగిందెవరు గనక.

పెద్ద కంపెనీ విషయంలో అందరూ అడిగే ప్రశ్న, "అసలు చేసిందెవరు?" అని. మనకో సామెతుంది, అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. నైట్రోజన్ ఆక్సైడ్లని విరగ్గొట్టడానికి డీజిల్ కారులో యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణం చల్లాలి. సరిగా చల్లితే ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది. కొనేవాడు సర్వీసుకీ సర్వీసుకీ మధ్య దాన్ని నింపుకునే అవస్థ పడకూడదు. పెద్ద ట్యాంకు పెడదామంటే చోటు కావాలి, డబ్బు కావాలి. కాబట్టి తక్కువ చల్లు. చూశారా, ఎక్కడా ఒక రాక్షసుడు కనబడడు. ట్యాంకు సైజు ఒకరు, ధర ఒకరు, గడువు తేదీ ఒకరు, ఒక అంకె మార్చినవాడు ఒకడు. ఎవరి ముక్క వాళ్ళు చేశారు. అన్ని ముక్కలూ కలిస్తే అబద్ధం తయారైంది.

కోర్టులు తమ పని చేశాయి. 2018 అక్టోబరులో ఆడికి 80 కోట్ల యూరోల జరిమానా పడింది. ఆ ఏడాది జూన్‌లో అప్పటి సీఈవో రూపర్ట్ స్టాడ్లర్‌ని అరెస్టు చేశారు. 2023 జూన్ 27న మ్యూనిక్ కోర్టు ఆయనకి ఏడాది తొమ్మిది నెలల శిక్ష వేసి, జైలుకి వెళ్ళనక్కర్లేకుండా దాన్ని నిలిపి, 11 లక్షల యూరోలు కట్టమంది. అమెరికాలో జేమ్స్ లియాంగ్ అనే ఫోక్స్‌వాగన్ ఇంజనీరుకి 2017లో 40 నెలల జైలు. మన దేశంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మార్చిలో ఫోక్స్‌వాగన్‌కి 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఇక గాలి సాక్ష్యం చెప్పిన హేమంత్ కప్పన్న ఆ తర్వాత ఇంకో పెద్ద కార్ల కంపెనీలో పనిచేశాడు. 2019లో ఆ కంపెనీ ఉద్యోగాలు తగ్గించినప్పుడు ఆయనదీ పోయింది. అమెరికా వదిలి ఇండియాకి వెళ్ళిపోయాడు. దీన్నిబట్టి నీతి లాభసాటి కాదని నేననను. లాభంతో దానికి సంబంధం లేదంటాను, అంతే.

ఇంత పెద్ద కథకి పక్కన పెట్టి చూడాల్సిన చిన్న కథ ఒకటుంది. ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో మన పిల్లలు చాలామంది చదువుతున్నారు. వాళ్ళలో నల్గొండ వైపునుంచి వచ్చిన ఒకబ్బాయి నన్ను అన్నా అని పిలుస్తాడు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. 2024 సెప్టెంబరు తర్వాత వీసా కావాలంటే ఏడాది ఖర్చుకని 11,904 యూరోలు బ్యాంకులో చూపించాలి. అది అప్పు. విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులకి మించి పని చెయ్యకూడదు. ఈ అబ్బాయి ఒక గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దే పని చేస్తాడు, తెల్లవారుజామున 4 గంటల షిఫ్టు. ఆ వేళకి అటువైపు బస్సుండదు. అందుకని 17 ఏళ్ళ నాటి పెట్రోలు కారొకటి కొన్నాడు.

జర్మనీలో కారుకి రెండేళ్ళకోసారి సాంకేతిక పరీక్ష. జనం ట్యూఫ్ అంటారు. పాసైతే వెనక నంబరు ప్లేటు మీద గుండ్రటి స్టిక్కరు అతికిస్తారు. ఈ అబ్బాయి కారు ఫెయిలైంది. మధ్య సైలెన్సరు తుప్పుపట్టి చిల్లుపడింది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కింద భాగాలన్నీ తినేస్తుంది. పైగా చిన్న చిన్న దూరాలు తిరిగే కార్లలో పైపు పూర్తిగా వేడెక్కదు. పొగలోని నీటి ఆవిరి లోపలే నీరై నిలిచి లోపలినుంచి కూడా తుప్పు పడుతుంది. అది చిన్న జబ్బే. పెద్ద జబ్బు దాని ముందున్న కెటలిటిక్ కన్వర్టరుది. లోపల తేనెపట్టులాంటి పింగాణీ గూడు, దాని మీద పూతగా ప్లాటినం, పల్లాడియం, రోడియం. ఆ గూడు విరిగి డబ్బాలో గులకరాళ్ళలా గలగలమంటోంది. నెల రోజుల్లో బాగుచేయించి మళ్ళీ చూపించాలి. మెకానిక్కు చెప్పిన ఖర్చు, కారు కొన్న ధరకి దగ్గరగా ఉంది.

మా ఇంటి పక్కన కార్‌పోర్టుంది, నా దగ్గర పనిముట్లున్నాయి. అబ్బాయి వచ్చి ఒక ఉపాయం చెప్పాడు. అదే మోడల్ కారు వాళ్ళ స్నేహితుడికొకటుంది. "అన్నా, వాని పైపు ఒక్క దినానికి ఇస్తడట. శనివారం బిగిద్దాం, సోమవారం స్టిక్కరు కొట్టించుకుంట, సాయంత్రం మల్ల పాతది పెట్టుకుంట. మీరు జర చెయ్యి సాయం చేస్తే చాలు."

ఆలోచించండి. "పరీక్ష అయితే మంచి పైపు, కాకపోతే పాత పైపు." ప్రపంచమంతా గగ్గోలు పెట్టిన ఆ కోడ్‌నే ఈ అబ్బాయి స్పానరుతో రాస్తానంటున్నాడు. నేను నవ్వి ఆ మాటే అన్నాను. అతను నవ్వలేదు. మూడు వాదనలు చేశాడు, మూడూ బలమైనవే. ఒకటి, కోటి కార్లతో చేసినవాళ్ళు ఇళ్ళల్లో హాయిగా ఉన్నారు. రెండు, ఈ ఒక్క డొక్కు కారు పొగెంత, ఆ కోటి కార్ల పొగెంత. మూడోది చెప్పడానికి కాస్త ఆగాడు. "అన్నా, మీకు నీతి అగ్గువ. మాకు పిరం."

మొదటిదానికి జవాబు తేలికే. వాళ్ళు తప్పించుకున్నారన్నది వాళ్ళ గురించిన మాట. దొంగ దొరకకపోతే దొంగతనం సక్రమం అయిపోదు. పైగా ఆ వాదన వాడినవాడు రేపు వాళ్ళని తిట్టే హక్కు పోగొట్టుకుంటాడు.

రెండోదానికి జవాబు అంత తేలిక కాదు. ఒక్క కారు పొగవల్ల ఫలానా పిల్లకి ఉబ్బసం వచ్చిందని ఎవరూ చూపించలేరు. నిజమే. గుంటూరులో నా చిన్నప్పుడు కిరసనాయిలు కలిపిన పెట్రోలుతో ఆటోలు తిరిగేవి. ఏ ఒక్క ఆటోవాడూ ఊరి గాలిని పాడుచెయ్యలేదు. అందరూ కలిసి చేశారు. ఎవడిది వాడికి చిటికెడే. కానీ చిటికెడు అన్న లెక్క మంచికీ వర్తించాలి కదా. ఎన్నికల్లో నా ఒక్క ఓటు ఫలితం మార్చదు, అయినా వేస్తాం. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి కన్వర్టరు తప్పనిసరి చేశారు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ 6 వచ్చింది. ఇవన్నీ ఒక్కొక్క పైపు చొప్పునే అమలవుతాయి. పైపులు కాకుండా విడిగా గాలి అనేదొకటుండి బాగుపడదు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం రావచ్చు. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు ఊడుస్తాం, అది మోసమా? కాదు. చుట్టాలకీ తెలుసు, మనకీ తెలుసు. పైగా వాళ్ళు మన ఇల్లెప్పుడూ ఇలాగే ఉంటుందని ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వరు. నంబరు ప్లేటు మీది స్టిక్కరు అలాంటిది కాదు. అది సోమవారం గురించి చెప్పదు. సోమవారం తర్వాత వచ్చే రెండేళ్ళ గురించి, ఆ కారు వెనక నడిచేవాళ్ళకి చెబుతుంది. సర్దుకోవడానికీ నటించడానికీ తేడా అక్కడే ఉంది. పరీక్షలో చూపించింది పరీక్ష తర్వాత కూడా ఉంటుందా? ఉంటే తయారీ, ఉండకపోతే అబద్ధం. జర్మనీలో చాలాకాలం, కొత్తరకం కార్ల పొగని పైపు దగ్గర కొలిచేవాళ్ళు కాదు. కారులోని కంప్యూటరు "నాకే లోపమూ లేదు" అంటే సరిపోయేది. 2018 జనవరి నుంచి మళ్ళీ పైపు చివర కొలవడం తప్పనిసరి చేశారు. కొత్త మోడళ్ళని 2017 సెప్టెంబరు నుంచి యూరపులో రోడ్డు మీద నడిపి కూడా పరీక్షిస్తున్నారు. ముద్దాయి మాటనే సాక్ష్యంగా తీసుకునే రోజులు పోయాయన్నమాట.

మూడో వాదన దగ్గరే నేను ఆగిపోయాను. నీతి అగ్గువ, పిరం. అతనన్నది నిజం. నాకు కన్వర్టరు ఖరీదు నెల జీతంలో ఒక ముక్క. అతనికి అది నాలుగు నెలల తిండి. శుభ్రమైన గాలికి నిబంధనలు రాసేవాళ్ళందరూ కొత్త కార్లున్నవాళ్ళే. పాత కారుతో బతుకు లాగేవాడి మీద దాని ఖర్చు పడుతుంది. అలాగని రోడ్డు పక్కన ఎవరుంటున్నారు? ఇక్కడైనా హైదరాబాదులోనైనా, రద్దీ రోడ్డు పక్కన అద్దె తక్కువ. అక్కడ కిటికీ తెరిచి పడుకునేది ఇతనిలాంటివాళ్ళే. పేదవాడు అబద్ధపు స్టిక్కరు కొట్టించుకుంటే ఆ పొగ ముందుగా చేరేది ఇంకో పేదవాడి ఇంటికి. ఈ మాట నేనతనికి చెప్పాను. అతను, "సరే అన్నా, మరి పైసలో?" అన్నాడు.

అక్కడ నాకు ఒకటి తట్టింది. ఇంతసేపూ నేను అతన్ని నీతిగా ఉండమంటున్నాను, ఖర్చు మాత్రం అతన్నే పెట్టుకోమంటున్నాను. పొగని సీటు కింద నుంచి వెనక్కి పంపడంలాంటిదే ఇదీ. మంచిమాట నా నోట, భారం వాడి నెత్తిన. ఎదుటివాడిని సరైన పని చెయ్యమని అడిగేవాడికి ఆ పని ఖర్చులో వాటా ఉంటుంది. ఇది దయ కాదు, బాకీ. ప్రభుత్వాలకీ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. కఠినమైన చట్టం చేసి, దాన్ని పాటించే దారి పేదవాడికి చూపించకపోతే, ఆ చట్టం దొంగ స్టిక్కర్లని తయారు చేస్తుంది.

మేం ఏం చేశామంటే, అసలు కంపెనీది కాకుండా వేరే తయారీదారు చేసిన కన్వర్టరు వెతికాం. ధర బాగా తక్కువ, కానీ దాని మీద వలయంలో ఈ అక్షరం, పక్కన దేశం నంబరు ఉన్నాయి. ఆ ముద్ర ఉంటేనే యూరపులో ఆ భాగం చట్టబద్ధం. 1 అంటే జర్మనీ, 2 ఫ్రాన్సు, 3 ఇటలీ. సగం డబ్బు నేను పెట్టాను, ఉద్యోగం వచ్చాక ఇస్తానన్నాడు. కూలి ఇద్దరిదీ.

ఆదివారం ఇక్కడ సుత్తి చప్పుడు చెయ్యకూడదు కాబట్టి శనివారం మొదలుపెట్టాం. కారుని జాకీతో లేపి, బలమైన స్టాండ్ల మీద నిలబెట్టాం. జాకీని మాత్రమే నమ్మి కింద దూరినవాళ్ళు తిరిగి రాని సందర్భాలున్నాయి, ఎవరూ ఆ పని చెయ్యకండి. తుప్పుపట్టిన నట్లకి ముందురోజు రాత్రే నూనె కొట్టి ఉంచాం. మధ్య సైలెన్సరూ వెనక సైలెన్సరూ ఫ్యాక్టరీలో ఒకే పైపుగా వస్తాయి. కానీ ఎక్కడ కొయ్యాలో తయారుచేసినవాళ్ళే పైపు మీద మూడు చిన్న నొక్కులు నొక్కి ఉంచారు. మధ్య నొక్కు దగ్గర కొయ్యాలి, అటూ ఇటూ ఉన్న రెండు నొక్కులు కలిపే గొట్టం ఎంతవరకు రావాలో చెబుతాయి. ఆ గుర్తులు పెట్టిన ఇంజనీరు ఎవరో గానీ, ఎన్నో ఏళ్ళ తర్వాత తనకి తెలియని ఎవడో కారు కింద పడుకుని కోసుకుంటాడని ఊహించాడు. నీతి అనే మాటకి నాకు దొరికిన మంచి ఉదాహరణల్లో అదొకటి. తన ముందులేని మనిషిని తలుచుకోవడం.

కొత్త రబ్బరు కొక్కేలు తగిలించి, క్లాంపులు వదులుగా పెట్టి, పైపు ఎక్కడా ఒంటికి తగలకుండా సరిచూసి, అప్పుడు బిగించాం. ఆరుబయటే ఇంజను స్టార్టు చేసి, అతుకుల దగ్గర సబ్బునీళ్ళు వేసి చూశాం. బుడగలు రాలేదు. పరీక్ష పాసైంది. ఆ పైపు ఇంకా ఆ కారు కిందే ఉంది. బాకీలో ఇంకా కొంత మిగిలుంది, అతను నెలనెలా ఇస్తున్నాడు. నీతి అగ్గువ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. తీసుకోమని నేనూ అడగలేదు.

ఇంట్లో ఒక పైపు మార్చుకోవడంవల్ల కార్ల గురించి నేర్చుకునేది కొద్దిగానే. కానీ పెద్ద ఆఫీసులో దొరకనిది ఒకటి అక్కడ దొరుకుతుంది. నిర్ణయించినవాడూ, కోసినవాడూ, బిగించినవాడూ, నడిపేవాడూ అంతా ఆ చిన్న చోటులోనే ఉన్నారు. రొయ్యల బుట్ట ఎవరెత్తుకుపోయారని వెతకనక్కర్లేదు. మా వృత్తిలో ఆ అదృష్టం లేదు. నేను రాసిన నాలుగు లైన్లు ఎన్నో చేతులు మారి, నాకు తెలియని ఊళ్ళో, తెలియని మనిషి మీద పనిచేస్తాయి. వాడి మొహం నేనెప్పటికీ చూడను. కాబట్టి చూడలేనిదాన్ని ఊహించుకోవడం తప్ప మార్గం లేదు. ఈమధ్య ఏ ప్రాజెక్టు మీటింగులోనైనా "టెస్టులు పాసయ్యాయి" అని ఎవరైనా అంటే నేనడిగే ప్రశ్నలు రెండే. టెస్టు లేని రోజున ఇది ఏం చేస్తుంది? ఆ చివర నిలబడి పీల్చేదెవరు? కొందరు విసుక్కుంటారు, పని నెమ్మదిస్తుందని. నెమ్మదిస్తుంది, నిజమే. గాలి ఎప్పుడో ఒకప్పుడు సాక్ష్యం చెబుతుందన్న భయంతో అడగడం లేదు. చాలాసార్లు చెప్పదు కూడా. చెప్పినా చెప్పకపోయినా, దాన్ని పీల్చేవాళ్ళు ఉంటారు కదా, అందుకని.